వేడెక్కి ఆగిపోయే కంప్యూటర్

ఎండలు ముదిరిన నాటి నుండి మాకు అందుతున్న ప్రశ్నల్లో అధికభాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఇంట్లోని కంప్యూటర్ పదిహేను, ఇరవై నిమిషాలు సవ్యంగా నడిచి, ఎట్టి హెచ్చరికా లేకుండా ఆరిపోతున్నది. వెంటనే మీట నొక్కితే రెండు నిమిషాలు కూడా నిలవడం లేదు. గంటసేపు వదిలేసి వేస్తే ఏమీ జరగనట్లే మళ్లీ పనిచేస్తున్నది. బాగుచేయించడానికి తీసుకువెళితే మదర్‌బోర్డు పోయిందనో, యంత్రం పాతబడింది కనుక కొత్తది కొనుక్కోవడమే మేలనో చెబుతున్నారు. ఈ మాసపు శీర్షికను ఈ సమస్యకే కేటాయిస్తున్నాము.

మదరసాలో వ్యాకరణం బోధించే వారికి ఈ యంత్రాలతో పనేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మా మదరసాలో ప్రశ్నపత్రాలు మొదలుకొని రశీదు పుస్తకాల వరకు అన్నీ ఇన్‌పేజ్‌లో మేమే కూర్చుకుంటాము. అందుకోసం దాతలు ఇచ్చిన పాత యంత్రాలు ఆరు ఉన్నాయి. వాటి ఆలనాపాలనా చూసేందుకు వేరొకరు లేనందున ఆ బాధ్యత మా మీదనే పడింది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ యంత్రాల వద్ద కూర్చుని నేర్చుకున్నదే.

ఇంట్లో కంప్యూటర్ ఆగిపోవడమంటే టీవీ ఆగిపోవడం వంటిది కాదు. అమ్మాయి ప్రవేశపరీక్ష దరఖాస్తు, అబ్బా పింఛను కాగితాల నకళ్లు, దాదీ చివరి రోజుల నాటి ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. కొందరికి పూటగడిచేదీ దాని మీదనే. కనుక ఆరిపోవడం మొదలైన నాడే చేయవలసిన మొదటి పని స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కాదు. యంత్రం చల్లారి ఉన్న మొదటి పది నిమిషాలను వృథా చేయక, ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. ఫైళ్లు రాసే క్షణంలో విద్యుత్తు తెగిపోతే ఆ ఫైలే కాదు, డిస్కులోని అమరిక కూడా చెడవచ్చు. ఈ ముప్పు ప్రతిసారీ పొంచి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వేడెక్కి ఆరిపోయే కంప్యూటర్ చాలా సందర్భాల్లో చెడిపోయినది కాదు, తనను తాను కాపాడుకుంటున్నది. ఈ తేడా గ్రహించకపోవడం వల్లనే ఎన్నో కుటుంబాలు అనవసరపు ఖర్చుకు లోనవుతున్నాయి. పెట్టెను మొత్తంగా సీపీయూ అని పిలవడం మనకు అలవాటు. నిజానికి ఆ పేరు లోపలి ప్రాసెసర్‌ది. సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్ బరువైన పని చేసేటప్పుడు 65 వాట్ల దాకా విద్యుత్తును వాడుకుంటుంది. వాడుకున్నదంతా చివరకు వేడిగానే బయటకు రావాలి. రేడియో మెకానిక్ చేతిలోని సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, దానితోనే సీసం కరుగుతుంది. అంతకు రెండింతలకు మించిన వేడి తపాలా బిళ్లంత జాగాలో పుడుతున్నదంటే, ఆ వేడిని క్షణక్షణం మోసుకుపోయే ఏర్పాటు ఎంత అవసరమో ఊహించవచ్చు. ఆ ఏర్పాటులో ఉన్నవి మూడే: ప్రాసెసర్ మీద పూసిన థర్మల్ పేస్టు, దాని మీద కూర్చున్న అల్యూమినియం రెక్కల దిమ్మె, దిమ్మె మీది ఫ్యాన్. దిమ్మెను హీట్‌సింక్ అంటారు.

2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సమీక్షకుల బృందం ఒక ప్రయోగం చేసి వీడియో తీసింది. నడుస్తున్న యంత్రాల నుండి హీట్‌సింక్‌ను లాగివేశారు. ఆనాటి ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్ క్షణాల్లో పొగలు కక్కి మాడిపోయింది. ఇంటెల్ పెంటియమ్ 4 మాత్రం తన వేగాన్ని బాగా తగ్గించుకుని, నెమ్మదిగానైనా నడుస్తూనే ఉంది. తరువాతి కాలంలో వచ్చిన ప్రాసెసర్లన్నింటిలోనూ ఆ రక్షణ నెలకొన్నది. నేడు ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీల సెల్సియస్, ఏఎండీ రైజెన్‌లలో చాలావాటికి 90 నుండి 95. హద్దు చేరగానే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి పెరుగుతూనే ఉంటే విద్యుత్తును తెంచుకుంటాయి. కాబట్టి ఆరిపోవడానికి ముందు కొంతసేపు యంత్రం మందగించడం, ఫ్యాన్ హోరుమనడం మీరు గమనించి ఉంటే, అది వేడి సమస్యే అనడానికి బలమైన ఆనవాలు.

ఇంకొక ఆనవాలు కాలవ్యవధి. ముందే చెప్పినట్లు, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువసేపు, వేడిగా ఉన్నప్పుడు తక్కువసేపు నిలుస్తున్నదంటే కారణం వేడే. అలాకాక ఒకసారి రెండు నిమిషాలకు, ఒకసారి మూడు గంటలకు, ఏ వరుసా లేకుండా ఆరిపోతుంటే కరెంటు వైపు చూడాలి. గోడ సాకెట్టు వదులుగా ఉండవచ్చు, ఎక్స్‌టెన్షన్ బోర్డు కాలి ఉండవచ్చు, ఎస్ఎంపీఎస్ బలహీనపడి ఉండవచ్చు. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో ‘కర్నెల్ పవర్ 41’ అనే నమోదు కనిపించగానే కొందరు అదే రోగం పేరనుకుంటారు. యంత్రం సక్రమంగా మూసుకోకుండా ఆగిపోయిందన్నది తప్ప అది మరేమీ చెప్పదు.

వేడిని కొలవడం సులభం. యంత్రం వేయగానే డిలీట్ మీటనో, ఎఫ్2 మీటనో నొక్కి బయోస్‌లోకి వెళితే హార్డ్‌వేర్ మానిటర్ అనే పుటలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఫ్యాన్ తిరిగే వేగం కనిపిస్తాయి. ఆ పుటను తెరిచి ఊరికే ఐదు నిమిషాలు చూడండి. అంకె 40, 50ల మధ్య నిలకడగా ఉంటే దిమ్మె బాగానే అతుక్కుని ఉన్నట్లు. ఏ పనీ చేయకుండానే 70, 80, 90 అంటూ మెట్లెక్కుతున్నదంటే దిమ్మెకు, ప్రాసెసర్‌కు మధ్య సంబంధం తెగిందన్నమాట. ఫ్యాన్ వేగం సున్నా చూపితే ఇక వెతకవలసిన పనే లేదు. విండోస్ నడుస్తుండగా చూడాలంటే కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని తయారుచేసిన వారి సొంత వెబ్‌సైటు నుండే దించుకోవాలి.

అంకెలను చదివేటప్పుడు గదిని మరువరాదు. ప్రాసెసర్ తన చుట్టూ ఉన్న గాలి కన్నా ఎన్నడూ చల్లబడలేదు. గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. 25 డిగ్రీల గదిలో జనవరిలో 65 వద్ద నడిచిన యంత్రం, రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల కప్పు కింద గది 42 డిగ్రీలకు చేరిన మే నెలలో అదే పనికి 82 వద్ద నడుస్తుంది. దానికి కాస్త దుమ్ము తోడైతే హద్దు దాటుతుంది. నాలుగు నెలలు బాగుండి ఎండాకాలంలోనే ఆరిపోవడం మొదలైందంటే కొత్తగా ఏదో చెడిందని కాదు, అప్పటికే ఉన్న లోపాన్ని చలికాలం కప్పిపుచ్చిందని అర్థం.

పెట్టె విప్పకముందే సరిచేయదగినవి కొన్ని ఉన్నాయి. దుమ్ము పడుతుందని కుట్టుపూల గుడ్డ కప్పి, కప్పి ఉండగానే యంత్రం వేయడం మన ఇళ్లలో తరచు కనిపిస్తుంది. ఆ గుడ్డను యంత్రం ఆపి చల్లారిన తరువాతనే కప్పాలి. కంప్యూటర్ బల్లలలో సీపీయూ కోసమని ఒక తలుపుల అర ఉంటుంది. వెనుకవైపు చెక్క మూసి ఉన్న ఆ అరలో, బయటకు పోవలసిన వేడిగాలే తిరిగి ముందునుండి లోపలికి చేరుతుంది. ఇలాంటి బల్లలను రూపొందించిన వారు ఒక్క వేసవి కూడా కంప్యూటర్ వాడి ఉండరనిపిస్తుంది. పెట్టెను ఆ అర నుండి తీసి, నేలకు కాస్త ఎత్తుగా, గోడకు జానెడు దూరంలో పెడితే కొన్ని ఇళ్లలో సమస్య అక్కడితోనే తీరిపోతుంది. చాలామంది పక్క రేకు తీసివేసి నడుపుతారు. రెండు రోజుల పరీక్షకు అది మంచిదే. రేకు తీయగానే ఉష్ణోగ్రత బాగా తగ్గిందంటే పెట్టెలో గాలి ఆడడం లేదని తెలుస్తుంది. శాశ్వతంగా అలా వదిలేస్తే దుమ్ముతో పాటు బల్లులూ చేరుతాయి. పిల్లల వేళ్ల సంగతి సరేసరి.

ఎయిర్‌కూలర్‌ను నేరుగా కంప్యూటర్ వైపు తిప్పడం గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. గది చల్లబడడం మంచిదే గాని, తడిగాలి నేరుగా పెట్టెలోకి కొడితే లోపలి దుమ్ము బురద వలె పేరుకుని రెక్కలకు అంటుకుంటుంది. కూలర్‌ను మనుషుల వైపే ఉంచండి.

ఇక విప్పడం. ప్లగ్గు పూర్తిగా తీసివేసి, ఆపై పవర్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లోపల నిలిచిన విద్యుత్తు అలా ఖర్చవుతుంది. పని మొదలుపెట్టేముందు పెట్టె లోహపు చట్రాన్ని ఒకసారి చేతితో తాకాలి. పొడి మెత్తని పెయింటు కుంచె, చేతి బ్లోయరు చాలు. తడిగుడ్డ పనికిరాదు, నోటితో ఊదితే తుంపరలు పడతాయి. బ్లోయరు పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు గిరగిర తిరగకుండా వేలితో ఆపి ఉంచాలి. గాలి వేగానికి అది మితిమీరి తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

అసలు కీలకం ఫ్యాన్ కిందనే ఉన్నది. పైనుండి చూసినప్పుడు ఫ్యాన్ శుభ్రంగా కనిపిస్తుంది, చక్కగా తిరుగుతుంది కూడా. ఇంటివారు ‘ఫ్యాన్ తిరుగుతోంది కదా’ అని తృప్తి పడతారు. ఫ్యాన్‌ను విప్పి చూస్తే, దానికి, అల్యూమినియం రెక్కలకు మధ్య నూలు పీచు, వెంట్రుకలు, ధూళి కలిసి పాత కంబళి ముక్కలా పరచుకుని ఉంటాయి. గాలి ఆ కంబళికి తగిలి పక్కలకు పోతున్నదే తప్ప రెక్కల మధ్యకు దిగడం లేదు. కుట్టుమిషను ఉన్న ఇళ్లలో, దూది పరుపులు ఏకే వీధుల్లో ఇది ఏడాది తిరగకుండానే పేరుకుంటుంది. మా వద్దకు వచ్చిన యంత్రాల్లో సగానికి పైగా ఈ కంబళిని తీయడంతోనే బాగుపడ్డాయి.

మా పేటలో ఒక సోదరి ఇంటి వద్దనే షాదీ కార్డులు కూర్చి నలుగురు పిల్లలను సాకుతున్నారు. షాబాన్ నెలలో, పెళ్లిళ్ల గిరాకీ ఉన్న వేళ ఆమె యంత్రం ఇలాగే ఆరిపోసాగింది. దుకాణంలో దుమ్ము దులిపి ఇచ్చారు. ఇంటికి తెచ్చాక మునుపటి కన్నా ఘోరంగా, ఐదు నిమిషాలకే ఆరిపోయింది. మళ్లీ వెళితే బోర్డు మార్చాలని, తొమ్మిది వేలు అవుతుందని చెప్పారట. “మౌల్వీ సాబ్, తొమ్మిది వేలంటే నా చేతికి మూడు నెలల మిగులు. ఉన్న ఆర్డర్లు వెనక్కి ఇచ్చేయాలా?” అని ఆమె తమ పెద్ద కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. పెట్టె విప్పితే విషయం కంటికే కనిపించింది. ఇంటెల్ వారి మామూలు ఫ్యాన్ దిమ్మెకు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. దుకాణంలో దుమ్ము దులిపి తిరిగి బిగించినప్పుడు అందులో ఒకటి బోర్డులోకి దిగలేదు. దిమ్మె ఒక మూల లేచి ఉంది. వెంట్రుకంత సందు చాలు, గాలి అడ్డు చేరి వేడి దాటలేదు. కాలు సరిగా నొక్కి, కొత్త పేస్టు పూసిన తరువాత ఆ యంత్రం బయోస్‌లో 44 వద్ద నిలిచింది. ఆమె ఆర్డర్లు సకాలంలోనే అందాయి. ఆ దుకాణదారు మోసం చేశాడని మేము అనము. తన పనినే తాను తనిఖీ చేసుకోలేదు, అంతే. తొమ్మిది వేల బరువు మాత్రం ఆమె మీద పడబోయింది.

ఆ కాళ్ల తలల మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం చూపిన వైపు తిప్పితే కాలు వదులవుతుంది. తిరిగి బిగించేముందు తలను యథాస్థానానికి తిప్పి ఉంచి, ఎదురెదురు మూలల జంటగా ‘టక్’మనే దాకా నొక్కాలి. ఆపై బోర్డు వెనుక నుండి కాలి కొనలు నాలుగూ బయటకు వచ్చాయో లేదో చూడాలి. చాలా ఏఎండీ యంత్రాల్లో మరొక జాగ్రత్త ఉంది. ఎండిన పేస్టు జిగురులా పట్టి, దిమ్మెను నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్టులోంచి ఊడివచ్చి దాని సన్నని కాళ్లు వంగిపోతాయి. విప్పేముందు యంత్రాన్ని కొద్దిసేపు నడిపి పేస్టును వెచ్చబరచి, ఆపి, ప్లగ్గు తీసి, దిమ్మెను అటూ ఇటూ మెల్లగా మెలిపెట్టి తీయాలి.

పేస్టు గురించి అపోహలెక్కువ. అది జిగురు కాదు, చల్లదనాన్ని పుట్టించే మందూ కాదు. రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటలను పూడ్చి గాలిని తొలగించడమే దాని పని. కొన్నేళ్లకు ఎండి సున్నం పెచ్చులా మారుతుంది. దిమ్మెను ఒకసారి విప్పితే పాత పేస్టును పూర్తిగా తుడిచి కొత్తది పెట్టక తప్పదు. తుడవడానికి ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నూలు రాలని గుడ్డ వాడాలి. చేతుల శానిటైజరులో గ్లిజరిన్ కలుస్తుంది కనుక అది వద్దు. కొత్త పేస్టు శనగగింజంత, నడిమధ్యలో చాలు. రొట్టెకు వెన్న పూసినట్లు మందంగా పూస్తే అదే వేడికి అడ్డవుతుంది.

ఫ్యాన్ గరగరలాడుతుంటే కుట్టుమిషను నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. ఆ కొన్నాళ్లలో కొత్త ఫ్యాన్ తెచ్చుకోవాలి. కొన్ని వందల రూపాయల వస్తువు కోసం వేల రూపాయల బోర్డును పణంగా పెట్టరాదు. వెనుకవైపు ఫ్యాన్ గాలిని బయటకు నెట్టాలి. కొందరు మార్చినప్పుడు తిరగేసి బిగిస్తారు. చిన్న కాగితపు ముక్కను పట్టుకుని చూస్తే గాలి ఎటు పోతున్నదో తెలుస్తుంది.

ఎస్ఎంపీఎస్ విషయంలో మాత్రం మా సలహా కఠినమైనది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత సాధారణంగానే ఉండి, యంత్రం ఆరిపోతూ, వెనుక పైభాగం చేయి పెట్టలేనంత కాలుతుంటే, మాడువాసన వస్తుంటే, తప్పు అందులోనే ఉన్నది. బయటినుండి దుమ్ము ఊదడం వరకే మన పని. ఆ డబ్బాను ఇంట్లో ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. బల్లి పడి చచ్చినా సరే, దాన్ని మార్పించడమే మార్గం. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయినప్పుడు అదే పనికి అది ఎక్కువ కరెంటును లాగి మరింత వేడెక్కుతుంది కనుక, అలాంటి ఊళ్లలో ఆ గంటల్లో యంత్రానికి విశ్రాంతి ఇవ్వడం మంచిది.

ఇవన్నీ సరిగా ఉండి కూడా ఫ్యాన్ ఎల్లవేళలా హోరెత్తుతుంటే లోపలి పనిభారాన్ని చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఎవరూ ఏమీ చేయకుండానే ప్రాసెసర్ ఎప్పుడూ 80, 90 శాతం పనిలో ఉన్నదంటే ఎవరో మీ విద్యుత్తును వాడుకుంటూ ఉండవచ్చు. ఉచితంగా దొరికాయని పిల్లలు దించుకున్న దొంగ ప్రతుల వెంట, రహస్యంగా క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రాములు చేరుతుంటాయి. వాటిని తొలగించకుండా ఎన్ని ఫ్యాన్లు మార్చినా ఫలితముండదు. పరీక్షల రోజుల్లో తక్షణ ఉపశమనం కావాలంటే, పవర్ ఆప్షన్లలో ‘మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్’ అన్నచోట 100కు బదులు 99 పెట్టండి. చాలా యంత్రాల్లో దానితో ప్రాసెసర్ అదనపు పరుగు మానేసి, చెప్పుకోదగినంత చల్లగా నడుస్తుంది. టైపింగుకు, పాఠాలు వినడానికి ఆ తేడా తెలియదు.

ల్యాప్‌టాప్ గురించి రెండు మాటలే. పరుపు మీద, రజాయి మీద పెట్టి వాడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్కపీట చాలు. అడుగుభాగం ఉబ్బి, మూత సరిగా పడకపోతుంటే అది దుమ్ము సమస్య కాదు, బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఛార్జింగు ఆపాలి, దాన్ని నొక్కరాదు, గుచ్చరాదు, పిల్లలకు దూరంగా ఉంచి బాగుచేసేవారికి అప్పగించాలి.

విప్పడానికి ధైర్యం చాలని వారు నిస్సంకోచంగా దుకాణానికే వెళ్లవచ్చు. వెళ్లేముందు బయోస్ అంకెలను ఒక చీటీ మీద రాసుకోండి: వేయగానే ఎంత, ఐదు నిమిషాలకు ఎంత, ఫ్యాన్ వేగమెంత. పని పూర్తయ్యాక అవే అంకెలను మీ కళ్లముందు చూపించమని అడగండి. బోర్డు పోయిందంటే, పేస్టు, దిమ్మె చూసిన తరువాతనే ఆ మాట అంటున్నారా అని మర్యాదగా ప్రశ్నించండి. అంకెలతో వచ్చిన గిరాకీని దుకాణదారు వేరుగా చూస్తాడు.

ఎన్నాళ్లకొకసారి శుభ్రం చేయాలని అడుగుతారు. రంజాన్‌కు ముందు ఇల్లు దులిపేటప్పుడే దీన్నీ దులపడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. మంచి అలవాటే గాని, రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ రుతువులన్నీ తిరిగివస్తుంది, ఎండాకాలం మాత్రం కదలదు. కనుక కంప్యూటర్‌కు మార్చి మొదటివారం ఒకసారి, వానలు వెనుకబట్టాక మరొకసారి అని వేరుగా గుర్తుపెట్టుకోండి. ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో కాక శాశ్వతంగా భద్రపరచే పద్ధతుల గురించి వచ్చే మాసం రాస్తాము.